మనవళ్లతో తీరానికి వెళ్తే కళ్లు తిరుగుతున్నాయి... ఉప్పుగాలే కారణమా?

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. ఉద్యోగ విరమణ తర్వాత నేనూ నా భార్యా సముద్రం ఒడ్డున ఉంటున్నాం. రోజూ ఉదయం గంటసేపు ఇసుకలో చెప్పులు లేకుండా నడుస్తాను. 12 ఏళ్లుగా బీపీ, 9 ఏళ్లుగా షుగర్ ఉన్నాయి. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, ప్రొస్టేట్ సమస్యకు రాత్రిపూట టామ్సులోసిన్ వాడుతున్నాను. సెలవులకు మా అబ్బాయి కుటుంబం వచ్చి పది రోజులు ఉంది. ఆ రోజుల్లో భోజనం, మాత్రలు వేళకు కుదరలేదు. ఒక సాయంత్రం నాలుగేళ్ల మనవడితో ఇసుకలో కూర్చుని లేవబోతే కళ్లు బైర్లు కమ్మాయి. తర్వాత మరో రెండుసార్లు అలాగే అయింది. ఇంటికి రాగానే చూసుకుంటే బీపీ 152/88 ఉంది. ఉప్పుగాలికి బీపీ పెరుగుతోందని, ఇక తీరానికి వెళ్లవద్దని అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? తీరంలో మూత్రానికి ఇబ్బందని నీళ్లు కూడా తక్కువే తాగుతాను. అన్నట్టు, అరికాలు ఎక్కడో గీసుకుంది. మనవరాలు రక్తం చూసి చెప్పేదాకా నాకు తెలియలేదు. నొప్పి లేదు గానీ వారమైనా పూర్తిగా మానలేదు.

సలహా: మీరు ‘అన్నట్టు’ అంటూ చివర రాసిన మాటల దగ్గరే నేను మొదలుపెడతాను. ఎందుకంటే మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది కళ్లు తిరగడం కాదు, ఆ నొప్పి లేని గాయం. అరికాలు రక్తం కారేంతగా తెగితే ఎవరికైనా వెంటనే తెలియాలి. మీకు తెలియలేదంటే, షుగర్ వల్ల పాదాల నరాలు మొద్దుబారి ఉండే అవకాశం చాలా ఎక్కువ. మీ మనవరాలి కళ్లు ఆ రోజు మీ నరాలు చేయాల్సిన పని చేశాయి. నొప్పి లేదు కాబట్టి ఫర్వాలేదని చాలామంది అనుకుంటారు గానీ, షుగర్ ఉన్నవారి పాదం విషయంలో నొప్పి లేకపోవడమే ప్రమాద సూచన. వారమైనా మానని ఆ గాయాన్ని రేపో ఎల్లుండో డాక్టరుకు చూపించండి. చుట్టూ ఎర్రబడటం, వాపు, చీము, దుర్వాసన, నల్లబడటం, జ్వరం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటిదాకా కూడా ఆగవద్దు.

అక్కడ డాక్టరు సన్నని నైలాన్ పోగులాంటి మోనోఫిలమెంట్‌ను మీ అరికాలికి ఆనించి స్పర్శ తెలుస్తోందో లేదో చూస్తారు, ట్యూనింగ్ ఫోర్క్‌ను బొటనవేలి ఎముకపై పెట్టి అదురు ఎంతవరకు తెలుస్తోందో అడుగుతారు, పాదంలో నాడి పట్టి రక్తప్రసరణ గమనిస్తారు. పది నిమిషాల్లో ముగిసే పరీక్ష ఇది. షుగర్ ఉన్నవారందరికీ ఏడాదికి ఒకసారైనా జరగాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు తీసుకున్నారో కూడా చెప్పండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి విటమిన్ బి12 తగ్గుతుంది, దానివల్ల కూడా కాళ్లు తిమ్మిరెక్కుతాయి కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించమని అడగండి. గాయం పూర్తిగా మూసుకునేదాకా సముద్రపు నీటిలో కాలు పెట్టవద్దు. వెచ్చని ఉప్పునీటిలో సహజంగానే ఉండే విబ్రియో జాతి బ్యాక్టీరియా తెరిచి ఉన్న గాయం గుండా ఒంట్లోకి చేరితే, షుగర్ లేదా కాలేయ జబ్బు ఉన్నవారిలో చాలా వేగంగా ముదరగలదు. ఇది అరుదే గానీ, వచ్చిందంటే గంటల లెక్కన చికిత్స చేయాల్సిన జబ్బు.

ఇక ఉప్పుగాలి సంగతి. సముద్రపు గాలిలో ఉండే ఉప్పు బీపీని పెంచదు. శ్వాసతో లోపలికి వెళ్లే ఆ కాస్త ఉప్పు, కంచంలోంచి వెళ్లే ఉప్పుతో పోలిస్తే లెక్కలోకి రాదు. రోజుకు 5 గ్రాములకు లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది తినే ఉప్పు గురించే. పైగా, మీకు కళ్లు తిరిగింది బీపీ పెరిగి కాదు, లేచిన క్షణంలో అది పడిపోయి ఉంటుందని నా అనుమానం. మీరు 152 చూసింది ఇంటికి నడిచి వచ్చాక, ఆదుర్దాగా ఉన్నప్పుడు. ఆ అంకె తీరంలో ఏం జరిగిందో చెప్పదు.

మనం లేచి నిలబడగానే అర లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొట్ట భాగంలోకి జారుతుంది. నరాలు వెంటనే రక్తనాళాలను బిగించి, గుండె వేగాన్ని కొంచెం పెంచి ఆ లోటును సర్దుతాయి. వయసుతో ఈ సర్దుబాటు నెమ్మదిస్తుంది, షుగర్ ఈ నరాలను కూడా దెబ్బతీయగలదు. మీ విషయంలో దీనికి తోడు మరికొన్ని కలిశాయి. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లోని నీటిని, ఉప్పును బయటికి పంపుతుంది, టామ్సులోసిన్ రక్తనాళాలను కొంత వదులు చేయగలదు, వయసు పైబడ్డాక దాహం సరిగా తెలియదు, అది చాలదన్నట్టు మీరు కావాలనే నీళ్లు తగ్గించారు. మూత్రం భయంతో నీళ్లు మానేయడం ఈ వయసువారిలో నేను తరచూ చూసే పొరపాటు. బయలుదేరే ముందు మూత్రవిసర్జన చేసుకుని, గంటకోసారైనా ఇంటికి వచ్చి వెళ్లేలా షికారును చిన్నది చేసుకోవడం మంచిది గానీ, నీళ్లు మానడం మంచిది కాదు. గుండె, కిడ్నీల జబ్బు కారణంగా నీటికి పరిమితి పెట్టి ఉంటే మాత్రం ఆ పరిమితినే పాటించండి.

నా అనుమానం నిజమో కాదో మీరు ఇంట్లోనే చూడవచ్చు. ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా పడుకుని బీపీ చూసుకోండి. లేచి నిలబడి ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరోసారి చూడండి. పక్కన మీ భార్యను ఉండమనండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే ఇదే సమస్య. అలా నాలుగు రోజులు, ఉదయం మాత్రలకు ముందు, సాయంత్రం మరోసారి చూసి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఏ మాత్ర తగ్గించాలో, దేని వేళ మార్చాలో ఆ కాగితం చూసి మీ డాక్టరు నిర్ణయిస్తారు. మీకు మీరుగా ఏదీ ఆపవద్దు.

గ్లిమెపిరైడ్‌ను కూడా అనుమానించాలి. ఆ మాత్ర వేసుకుని భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోవచ్చు, పొడి ఇసుకలో నడిస్తే గట్టినేల మీద కంటే దాదాపు రెట్టింపు శక్తి ఖర్చవుతుంది కాబట్టి ఇంకాస్త తొందరగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, ఆకలి, తికమకతో కళ్లు తిరిగితే అక్కడే కూర్చుని గ్లూకోమీటరుతో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని 15 నిమిషాలకు మళ్లీ చూడండి. జేబులో గ్లూకోజ్ ఉండాలి, అది ఎక్కడుందో మీ మనవరాలికి కూడా తెలియాలి. ఛాతీనొప్పి, గుండె దడ, మాట తడబడటం, ఒకవైపు బలహీనత ఉన్నా, స్పృహ తప్పినా అది వేరే సంగతి. వెంటనే అత్యవసర చికిత్సకు వెళ్లాలి.

మీ అబ్బాయి చెప్పినట్టు తీరం మానేయనవసరం లేదు. గాయం మానాక తడిసి గట్టిపడిన ఇసుక మీద, వేళ్లను కప్పే మెత్తని బూట్లతో నడవండి. బూటు తొడిగే ముందు లోపల చేయి పెట్టి గులకరాయి ఉందేమో తడిమి చూడండి. మనవళ్లతో కూర్చునేటప్పుడు ఇసుక మీద కాకుండా కాస్త ఎత్తైన మడత కుర్చీలో కూర్చోండి, లేచే ముందు పది పన్నెండుసార్లు మడమలు పైకెత్తి దించండి. పిల్లవాడి చేయి పట్టుకుని హఠాత్తుగా లేవవద్దు. మీరు తూలితే వాడూ పడతాడు. మోకాలి లోతు నీటిలో వాణ్ని ఎత్తుకునే పని, కనీసం ఈ కళ్లు తిరగడం తేలేదాకా, వాళ్ల నాన్నకే వదిలేయండి.

చుట్టాలు వచ్చిన ఇంట్లో మొదట గతి తప్పేవి మాత్రలే. ఒక పూట మరచిపోయిన బీపీ మాత్రను తర్వాతి పూట దానితో కలిపి రెండుగా వేసుకోకూడదు. మీ ఉత్తరంలో లేని మరో విషయం కూడా చెబుతాను. మరచిపోకూడదని మీలాంటివారు మాత్రల డబ్బాను భోజనాల బల్ల మీద, కళ్ల ముందే పెట్టుకుంటారు. నాలుగేళ్ల పిల్లవాడికి కూడా అది కళ్ల ముందే ఉంటుంది. ఒక్క గ్లిమెపిరైడ్ మాత్ర మింగినా అంత చిన్న పిల్లల్లో షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు, లక్షణాలు కొన్ని గంటల తర్వాత గానీ బయటపడకపోవచ్చు. వాళ్లు ఉన్నన్నాళ్లూ ఆ డబ్బా తాళం వేసిన అలమరలో ఉండాలి. మింగాడేమోనన్న అనుమానం వచ్చినా, హుషారుగా ఆడుకుంటున్నాడు కదా అని ఆగకుండా, ఆ మాత్రల పట్టీని కూడా వెంటపెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లండి.