రంగులు వేయించే ముందు గోడ మాట విను

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న నీకు వదిలి వెళ్లిన ఇంటిని అమ్మడానికి నిశ్చయించుకున్నావనీ, ఆ పనంతా ఒక్కదానివే చూసుకుంటున్నావనీ మీ పెద్దమ్మ చెప్పగా విన్నాను. మొదట గర్వంగా అనిపించింది. భారం ఇంకొకరి మీద వదిలేసి చివర్లో వచ్చి సంతకం పెట్టే తరహా నీది కాదని నాకు తెలుసు. ఆ తర్వాత ఆవిడ రెండో సంగతి చెప్పింది. చెమ్మ పట్టిన కింది గదుల గోడలకు కొత్తగా సిమెంటు పూత వేయించి, రంగులు కొట్టించి, ఆరు వారాల్లో ఇంటిని బేరానికి పెడుతున్నావట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే సగంలోనే ‘సరే పెదనాన్నా’ అని పెట్టేస్తావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

కాగితాల సంగతి ఒక్క మాటలో ముగిస్తాను: ఇల్లు నీ పేరుకు మారిందా, హక్కున్న వారందరూ సంతకానికి సిద్ధంగా ఉన్నారా, పన్ను బకాయిలేమైనా ఉన్నాయా అన్నది న్యాయవాది చేత చూపించుకో. అవన్నీ నువ్వు నాకన్నా బాగా చేయగలవు. నా బెంగంతా గోడల గురించే.

చెమ్మ అని మనం ఒకే పేరుతో పిలుస్తాం గానీ, అది గోడలోకి వచ్చే దారులు వేరు వేరు. నేల నుంచి పైకి పాకే చెమ్మ దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఇటుకల, సున్నపు అతుకుల సూక్ష్మ రంధ్రాల గుండా ఎక్కుతుంది. మామూలుగా అది ఒక మీటరు ఎత్తుకు అటూ ఇటూగా ఆగిపోతుంది, ఆగిన చోట అలల గీతలా మరక వదులుతుంది, ఆ గీత దగ్గరే తెల్లని ఉప్పు పొడి తేలుతుంది. పైకప్పు నుంచి దిగే చెమ్మ వాన పడినప్పుడు పెరిగి, ఎండ కాసినప్పుడు తగ్గుతుంది. గోడలో పగిలిన నీటి గొట్టానికి ఋతువులతో పని లేదు, ఏడాది పొడవునా ఒకే మరకను తడిపి ఉంచుతుంది. ఇక గాలి ఆడని గదిలో, బీరువా వెనక, మూలల్లో నల్లగా పట్టే బూజు చాలాసార్లు గోడలోని నీటి వల్ల వచ్చినది కాదు, గదిలోని ఆవిరి చల్లని గోడకు తగిలి నీరైనందువల్ల వచ్చినది. మీ నాన్న పోయినప్పటి నుంచీ కిటికీలు మూసే ఉంచావు కనుక ఈ చివరిది కూడా ఇప్పుడు ఆ ఇంట్లో తప్పకుండా ఉంటుంది. ముందు వెళ్లి కిటికీలు తెరిపించు. అంత చిన్న పనికి కూడా ఎవరైనా చెప్పాలా?

తడి గోడలోనిదో, గదిలోని ఆవిరిదో తెలియకపోతే, అరచేయి రెండింతలున్న పలుచని రేకునో ప్లాస్టిక్ కాగితాన్నో గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించి, రెండు రోజులు వదిలెయ్యి. గది వైపున చెమర్చితే తప్పు గాలిది, గోడ వైపున చెమర్చితే తప్పు గోడది. ముళ్లు గుచ్చి అంకె చూపించే తేమ మీటరును పూర్తిగా నమ్మవద్దు. అది కొలిచేది విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందన్నదే కనుక, ఉప్పు పట్టిన గోడ నిజంగా ఉన్నదానికన్నా తడిగా ఉన్నట్లు చూపిస్తుంది.

ఇక నువ్వు ఎన్నడూ వినని సంగతి చెబుతాను. మీ నాన్నా నేనూ మా నాన్నగారి ఇంటిని అమ్మిన కథ ఇది. ‘మంచి ధరకే పోయింది’ అన్నంత వరకే మీకు తెలుసు.

మా నాన్నగారు ఏటా గోడలకు సున్నం కొట్టించేవారు. రంగులు వేయిస్తే ఖర్చవుతుందని అలా చేస్తున్నారని మేము లోలోపల నవ్వుకునేవాళ్లం. ఆయన పోయాక ఇల్లు ఒక వానాకాలమంతా మూతపడి ఉంది. తలుపు తీసేసరికి పడమటి గదిలో మోకాలి ఎత్తు వరకు పెచ్చులూడి, ఇటుక కనబడుతోంది. ఒక ముసలి తాపీమేస్త్రిని పిలిపించాను. ఆయన గోడను కాదు, బయటికి వెళ్లి గోడ పాదాన్ని చూశాడు. చూరు నీళ్లన్నీ అక్కడే పడి గుంట కట్టాయి. ముందు ఆ నీటిని దూరంగా మళ్లించి, చెడిన పూతను ఊడగొట్టి, గోడను అలాగే వదిలేసి ఆరనివ్వమన్నాడు. ఎన్నాళ్లని అడిగితే, అంగుళం మందానికి ఒక నెల వేసుకోమన్నాడు. తొమ్మిది అంగుళాల గోడ అది. తొమ్మిది నెలలా అని నేను నవ్వాను. మీ నాన్న నవ్వలేదు. ‘అన్నయ్యా, ఆరేదాకా ఆగుదాం, లేదా ఉన్నదున్నట్లు చెప్పి తగ్గించి అమ్ముదాం’ అన్నాడు. వాడికన్నా ఆరేళ్లు పెద్దవాడినన్న అహంకారం నాది. ఆ మేస్త్రిని పంపించేసి, నా మాట ప్రకారం చేసేవాడిని ఒకడిని తెచ్చి, సున్నపు గోడకు సిమెంటు పూత వేయించి, దాని మీద నున్నటి ఆయిల్ పెయింటు కొట్టించాను. వారం రోజుల్లో గది అద్దంలా తయారైంది.

కొనడానికి వచ్చినాయన ముసలి తల్లిని వెంటబెట్టుకుని వచ్చారు. గది చూపిస్తుంటే, చేత్తో గోడ తడిమి, ‘చెమ్మ బాధ ఏమీ లేదు కదండీ?’ అని అడిగారు. ‘మొన్ననే కొత్త పూత వేయించామండీ’ అన్నాను. ఆ జవాబును ఇన్నేళ్లుగా ఎన్ని వైపుల నుంచి తిప్పి చూసుకున్నానో నీకు చెప్పలేను. అందులో అక్షరం కూడా అబద్ధం లేదు, అయినా ఆయన అడిగింది నేను వినలేదన్నట్లు చేశాను. మీ నాన్న గుమ్మంలో నిలబడి నేల వైపు చూస్తున్నాడు.

సిమెంటు పూత నీటిని ఆపదమ్మా, దాస్తుంది. సున్నపు గోడ ఊపిరి తీసుకుంటుంది, కింద నుంచి పీల్చిన తడిని ముఖం మీదుగా ఆరబెట్టుకుంటుంది. ఆ ముఖం మూసేస్తే తడికి పైకి పోవడం తప్ప దారి లేదు. తరువాతి వానాకాలానికి చెమ్మ మోకాలి ఎత్తు దాటి, మా పూత అంచు దాటి ఛాతీ ఎత్తుకు ఎక్కింది. రంగు బొబ్బలు లేచింది, ద్వారబంధం అడుగు మెత్తబడింది. ఆ పెద్దావిడ మంచం ఆ గోడకే ఆనించి వేశారట, ఆమె దగ్గు రాత్రంతా ఆగేది కాదట. ఆ దగ్గు మా గోడ వల్లే వచ్చిందని నేను అనలేను, కాదని అనే ధైర్యం కూడా నాకు ఏనాడూ లేకపోయింది.

ఆయన కోపంగా రాలేదు. కాగితంలో చుట్టిన ఒక పెచ్చు తెచ్చి మా బల్ల మీద పెట్టారు. పైన మా సిమెంటు, దాని వెనక అతుక్కుని వచ్చిన పాత పూత, ఆ పూత మీద పాత మరక. ‘ఇది మీరు చూశాకే కప్పారు కదండీ’ అన్నారు, అంతే. బాగుచేయించడానికి అయిన ఖర్చు మొత్తం మేమిద్దరం మూడు విడతల్లో ఇచ్చాం. తప్పు నాదైనా మీ నాన్న తన సగం తాను ఇచ్చాడు. ఆ తరువాత బతికినన్నాళ్లూ ‘నేను ముందే చెప్పాను’ అన్న మాట వాడి నోట రాలేదు. ఒక్కసారైనా అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

అందుకే నీ ఆరు వారాల లెక్క వినగానే నాకు దడ పుట్టింది. రంగుల మనిషిని ఆపించు, బయానా ఇచ్చి ఉంటే అది పోయినా సరే. నీటిని దూరం చేసే పనులు మాత్రం ఆలస్యం చేయక చేయించు: చూరు గొట్టాలు శుభ్రం చేయించడం, పగిలిన గొట్టం మార్పించడం, గోడ పాదాన నీరు నిలవకుండా వాలు తీయించడం. ఇవి చిన్న ఖర్చులు, చెమ్మలో పెద్ద భాగం వీటితోనే పోతుంది. పెద్ద మరమ్మతు ఎంతవుతుందో అంచనా వేయించు, కానీ మరమ్మతు చేసే కంపెనీల చేత ఉచితంగా తనిఖీ చేయించకు. మందు అమ్మేవాడే నాడి పట్టుకుంటే రోగం లేదనడం అరుదు. తనిఖీకి వేరే ఇంజనీరుకు డబ్బిచ్చి, కారణమేమిటో రాసి సంతకం పెట్టమను. ఆ కాగితాన్ని ఇల్లు చూడటానికి వచ్చిన ప్రతివారి చేతిలో పెట్టు, ధరలో ఆ మేరకు నువ్వే ముందు తగ్గించు. ఒప్పందంలో కూడా ఏ గదిలో ఏ గోడకు చెమ్మ ఉందో, అది కొనేవారికి చెప్పినట్లు, వారు చూసినట్లు రాయించు. నోటి మాటగా చెప్పాననుకుంటే రేపు ఇద్దరికీ గుర్తుండదు. మధ్యవర్తి ఇవన్నీ విని తల పట్టుకుంటాడు, బీరువా జరిపి మరక మీద పెట్టమంటాడు. పెట్టకు. కొందరు కొనకుండా వెళ్లిపోతారు, వెళ్లనీ. ఇల్లు ఖాళీగా ఉన్నంతకాలం నీకు ఖర్చవుతుందని తెలియక అనడం లేదు. ఆ ఖర్చుకు ఇబ్బందైతే నాకు చెప్పు, మొహమాటపడ్డావంటే కోపం వస్తుంది.

చివరిగా ఒక్క సంగతి, ఇది కూడా నా నిర్వాకమే. మీ ఇంటి ఉత్తరపు పెరడు నీకు గుర్తుందా, నువ్వు సైకిలు నేర్చుకున్న చోటు? అప్పట్లో అది మట్టి నేల, వానొస్తే బురద. నువ్వు జారి మోచేయి గీసుకున్నావని, మీ నాన్నా నేనూ కలిసి అక్కడ కాంక్రీటు పోయించాం. ఉన్న నేలను తవ్వి పోయిస్తే సరిపోయేది, కానీ ఒక్క రోజులో అయిపోవాలని నేనే తొందరపెట్టి ఉన్నదాని మీదే పోయించాను. పునాది పైన గోడకు అడ్డంగా వేసిన తేమ ఆపే పొర, అదే మేస్త్రులు డీపీసీ అంటారే, బయటి నేల దానికి కనీసం 150 మిల్లీమీటర్లు కిందుగా ఉండాలి. ఆ పెరట్లో మేము పోయించిన కాంక్రీటు దానిని దాటి ఉంటుందని నా అనుమానం. అదే నిజమైతే ఉత్తరపు గది చెమ్మకు గోడకు రంధ్రాలు చేసి మందు ఎక్కించే ఇంజెక్షన్లూ అక్కర్లేదు, పూతలూ అక్కర్లేదు. గోడ పొడవునా ఒక అడుగు వెడల్పున ఆ కాంక్రీటును పగలగొట్టించి, మట్టి దించి, కంకర నింపితే చాలు. ఆ తరువాత గోడ నెలల తరబడి మెల్లగా ఆరుతుంది. ఉప్పు పట్టిన పాత పూతను మాత్రం తీయించక తప్పదు, ఎందుకంటే ఆ ఉప్పు గాలిలోని తేమను లాగి ఆరిన గోడను మళ్లీ తడిసినట్లు చేస్తుంది.

తవ్వే రోజు ముందుగా నాకు చెప్పు, మోకాళ్ల నొప్పులున్నా వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటాను. కుళాయి దగ్గర మూలలో గునపం గట్టిగా వేయనివ్వకు. నీటి గొట్టం అక్కడే గోడ వెంట వెళుతుంది, ఎంత లోతున పెట్టించామో మీ నాన్నకు గుర్తుండేది గానీ నాకు గుర్తు లేదు.

ఆశీస్సులతో,
పెదనాన్న