అమెరికా సర్జరీ రెసిడెన్సీ ప్రోగ్రాముల ఇన్‌స్టా పేజీలు చూసి అప్లై చేయొచ్చా?

అడిగింది: ఎంబీబీఎస్ అయింది, వచ్చే సీజన్‌లో అమెరికాలో జనరల్ సర్జరీ రెసిడెన్సీ (అక్కడి పీజీ ట్రైనింగ్) కోసం, ఆ సీట్లు కేటాయించే 'మ్యాచ్'లో దిగుతున్నాను. దాదాపు ప్రతి ప్రోగ్రాముకీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది. అవి చూసి లిస్టు వేసుకోవచ్చా? లైకులు, కామెంట్లు పెడుతూ ఉంటే పేరు గుర్తుంటుందా?

లైకుల సంగతి ముందే తేల్చేద్దాం. గుర్తుండదు. ఆ పేజీని ఎక్కువ చోట్ల నడిపేది ఇద్దరు ముగ్గురు రెసిడెంట్లు, డ్యూటీ మధ్యలో దొరికిన పది నిమిషాల్లో. మీ అప్లికేషన్ చదివేవాళ్లు దాన్ని ఈరాస్‌లో (రెసిడెన్సీ అప్లికేషన్లు పంపే ఆన్‌లైన్ వ్యవస్థ) తెరుస్తారు. అక్కడ మీ స్కోర్లు, సిఫార్సు లేఖలు ఉంటాయి గానీ మీ కామెంట్లు ఉండవు.

అసలు సర్జరీ డిపార్ట్‌మెంట్‌కి రీల్స్ చేసే అవసరం ఎందుకొచ్చిందన్నది మనవాళ్లకి వింతగానే ఉంటుంది. మన దగ్గర నీట్ పీజీ ర్యాంకు, కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్లు. సర్జరీ సీటు కోసం కాలేజీ ఎవర్నీ బతిమాలక్కర్లేదు. అక్కడ మ్యాచ్‌లో రెండు వైపులా ర్యాంకు లిస్టు ఇస్తారు. మీరు ప్రోగ్రాముల్ని వరసపెడతారు, ప్రోగ్రాములు మిమ్మల్ని వరసపెడతాయి. తమకు నచ్చినవాళ్ల లిస్టులో పైన ఉండటం వాళ్లకీ ముఖ్యమే. 2020 దాకా ఇంటర్వ్యూకి ముందురోజు రాత్రి రెసిడెంట్లతో కలిసి చేసే డిన్నర్ ఆ పని చేసేది. కోవిడ్‌తో ఇంటర్వ్యూలు జూమ్‌లోకి వెళ్లాయి, వేరే ఆసుపత్రుల్లో చేసే రొటేషన్లు ఆగాయి. ఆ ఏడాదే ఈ పేజీలు కుప్పలుగా పుట్టాయి. 2022 జనవరి నుంచి స్టెప్ 1కి (అక్కడి డాక్టర్ లైసెన్సు పరీక్షల్లో మొదటిది) మార్కులు పోయి పాస్-ఫెయిల్ ఒక్కటే మిగలడంతో, స్కోరు చూసి జల్లెడ పట్టడం కష్టమై, 'మా దగ్గర ఎలా ఉంటుందో చూడండి' అని చెప్పుకోవడం ఇంకా పెరిగింది.

కాబట్టి ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వచ్చే పోస్టులు ప్రకటనలని అనుకుని చూడండి. 'రెసిడెంట్ జీవితంలో ఒకరోజు', ఒక రెసిడెంటుకి రోజంతా స్టోరీలు అప్పగించే టేకోవర్, కొండెక్కిన ఫొటో, కేకు కోసిన ఫొటో. వారానికి 80 గంటల డ్యూటీ పరిమితి (అదీ 4 వారాల సగటు) ఉన్న చోట ఆ కొండ ఎన్నాళ్లకోసారి ఎక్కుతారో ఫొటో చెప్పదు.

నా లెక్కలో పనికొచ్చేవి రెండే రకాల పోస్టులు. ఒకటి మార్చిలో మూడో శుక్రవారం, మ్యాచ్ డే నాడు పెట్టేది. కొత్త ఇంటర్న్‌ల ఫొటోలు, పక్కన మెడికల్ కాలేజీ పేర్లు ఉంటాయి. వెనక్కి స్క్రోల్ చేసి కనీసం మూడేళ్లవి చూడండి. అమెరికా బయటి కాలేజీ పేరు ఉందా? ఉంటే అది క్యాటగారికల్ సీటా, ప్రిలిమినరీ సీటా? మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. క్యాటగారికల్ అంటే ఐదేళ్ల ట్రైనింగ్‌కి సీటు. ప్రిలిమినరీ అంటే ఒక ఏడాదికి, తర్వాత మళ్లీ వెతుక్కోవాలి. పోస్టులో విదేశీ పేర్లు నాలుగు కనిపించి నాలుగూ ప్రిలిమినరీ అయితే ఆ ప్రోగ్రాము మీకు 'ఐఎంజీ ఫ్రెండ్లీ' (విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లని తీసుకునేది) కాదు.

రెండోది జూన్‌లో వచ్చే గ్రాడ్యుయేషన్ పోస్టు. ఎవరు ఏ ఫెలోషిప్‌కి (రెసిడెన్సీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ ట్రైనింగ్) వెళ్లారు, ఎంతమంది నేరుగా ప్రాక్టీసులో చేరారు అన్నది అందులో తెలుస్తుంది. ఆ ఫొటోలో తలలు లెక్కపెట్టి, ఐదేళ్ల కిందటి మ్యాచ్ పోస్టుతో పోల్చండి. ఆరుగురు చేరి నలుగురే బయటికొస్తే వెంటనే అనుమానించకండి, ల్యాబ్‌లో ఒకటి రెండేళ్లు రీసెర్చికి వెళ్లి ఉండొచ్చు. వాళ్లు తర్వాతి ఏళ్ల ఫొటోల్లో కనిపించాలి. ఎక్కడా కనిపించకపోతే ఇంటర్వ్యూలో రెసిడెంట్లని మర్యాదగా అడగాల్సిన ప్రశ్న అదే. ఇంకో ప్రశ్న కేసుల గురించి. సర్జన్లకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే అమెరికన్ బోర్డు ఆఫ్ సర్జరీకి ఐదేళ్లలో కనీసం 850 ఆపరేషన్లు, అందులో 200 చీఫ్ ఇయర్‌లో (ఆఖరి ఏడాది) చేసి ఉండాలి. మీ దగ్గర పాసైనవాళ్లు ఎన్నితో వెళ్తున్నారు అని అడగండి. ఆ బోర్డు పరీక్షల్లో ప్రోగ్రాములవారీగా పాస్ శాతాలు దాని వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, ఇన్‌స్టాలో వెతక్కండి. వీసా సంగతీ అంతే. జే-1 ఒక్కటేనా, హెచ్-1బీ ఇస్తారా అన్నది ప్రోగ్రాము వెబ్‌సైట్‌లో చూసి, స్పష్టంగా లేకపోతే కోఆర్డినేటర్‌కి ఈమెయిల్ రాయండి. హెచ్-1బీకి స్టెప్ 3 (ఆ లైసెన్సు పరీక్షల్లో చివరిది) ముందే పాసవ్వాలి.

పేజీని ఫాలో అవ్వాల్సిన అసలు కారణం ఓపెన్ హౌస్ (అప్లై చేసేవాళ్లకి ప్రోగ్రాము ఆన్‌లైన్‌లో పెట్టే పరిచయ సమావేశం) తేదీలు. రిజిస్ట్రేషన్ లింకు చాలాసార్లు స్టోరీలోనే పెడతారు, 24 గంటల్లో మాయమవుతుంది. ఆగస్టు మొదట్లోనే ఆ ఖాతాలకి నోటిఫికేషన్లు ఆన్ చేసుకోండి. న్యూయార్క్ టైము సాయంత్రం 7 అంటే మనకి తెల్లవారి 4:30. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మారాక 5:30. షికాగో, హ్యూస్టన్ అయితే ఇంకో గంట కలపండి. తేదీ కూడా ఒకరోజు ముందుకి జరుగుతుంది, దీన్ని మర్చిపోయి లింకు తెరిచేసరికి అయిపోయిందనేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

ఇక మీ ఖాతా. 2020 జులైలో అక్కడి వాస్క్యులర్ సర్జరీ జర్నల్ ఒక పరిశోధన పత్రాన్ని వెనక్కి తీసుకుంది. యువ సర్జన్ల ఖాతాలు వెతికి, బికినీ ఫొటోల్ని కూడా 'వృత్తికి తగనివి' అనే లెక్కలో వేసిన పత్రం అది. మహిళా డాక్టర్లు మెడ్‌బికినీ హ్యాష్‌ట్యాగ్‌తో దాన్ని ఉతికేశారు, సరిగ్గానే చేశారు. అయినా ఖాతాలు చూసే కళ్లు ఉన్నాయనైతే అది చెబుతోంది కదా. బీచ్ ఫొటో కంటే నాకు భయం వేసేది హౌస్ సర్జన్సీలో థియేటర్లో దిగిన సెల్ఫీలు. వెనక టేబుల్ మీద పేషెంటు, గోడ మీద కేసుల బోర్డు, చేతిలో తీసిన గడ్డ. పేషెంటు ప్రైవసీ చట్టం గట్టిగా ఉన్న దేశంలో అలాంటి ఒక్క ఫొటో చాలు. ప్రైవేటు చేయడం కాదు, తీసేయండి. మిమ్మల్ని ట్యాగ్ చేసిన స్నేహితుల ఖాతాల్లోంచి కూడా.

ప్రోగ్రాము పేరుతో మెసేజ్ చేసి అబ్జర్వర్‌షిప్‌కి (ఆసుపత్రిలో పక్కన ఉండి పని చూడటం) డబ్బు కట్టమంటే ఆ ఖాతాని నమ్మకండి. ఆసుపత్రి వెబ్‌సైట్ తెరిచి, అక్కడున్న ఇన్‌స్టా గుర్తు నొక్కితే ఏ ఖాతా వస్తుందో అదే అసలుది.