బయోస్ పాస్‌వర్డ్ మార్చి అకౌంటెంట్ మానేశాడు: నా కంప్యూటర్ నేను తెరిపించుకుంటే తప్పా?

ప్రశ్న: నరసరావుపేటలో చిన్న ట్యాక్స్ కన్సల్టెన్సీ నడుపుతున్నాను. ఆఫీసు డెస్క్‌టాప్ బిల్లు మా సంస్థ పేరు మీదే ఉంది. రాత్రిళ్లు వాచ్‌మన్ పిల్లలు గేమ్స్ ఆడుతున్నారని ఏడాది కిందట మా అకౌంటెంట్‌కి నేనే చెప్పి లాక్ పెట్టించాను. స్విచ్ వేయగానే, విండోస్ రాకముందే పాస్‌వర్డ్ అడుగుతుంది, దీన్నే బయోస్ పాస్‌వర్డ్ అంటారట. అది అతనికీ, ఆఫీసులో పనిచేసే ఇంకో అమ్మాయికీ తెలుసు. నేను ఎప్పుడూ అడగలేదు. మొన్న గొడవపడి అతను మానేశాడు. మర్నాటి నుంచి ఆ అమ్మాయికి తెలిసిన పాస్‌వర్డ్ పనిచేయడం లేదు. రెండు నెలల జీతం వేస్తేనే చెబుతానని అతను వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. జీతం ఆపిన మాట నిజమే. టెక్నీషియన్‌ని పిలిచి తెరిపిస్తానంటే, అందులో తన సొంత ఫైళ్లున్నాయి కాబట్టి నా మీదే కేసు పెడతానంటున్నాడు. క్లయింట్ల ట్యాలీ డేటా అంతా అందులోనే ఉంది. జీఎస్టీ రిటర్నుల గడువు 20వ తేదీ దగ్గర పడుతోంది, ఒకటే టెన్షన్. అతని మీద పోలీసు కేసు పెట్టవచ్చా?

జవాబు: ముందు 20వ తేదీ సంగతి చూద్దాం. రిటర్నులు వేసేది పోర్టల్‌లో, మీ డెస్క్‌టాప్‌లో కాదు. లాగిన్ పాస్‌వర్డ్‌లు ఆ మిషన్‌లోనే ఉండిపోతే, రిజిస్టర్ అయిన మొబైల్‌కి ఓటీపీ తెప్పించుకుని మార్చుకోవచ్చు. డిజిటల్ సంతకం ఉండే డీఎస్‌సీ టోకెన్ పక్క కంప్యూటర్‌కి పెట్టినా పనిచేస్తుంది. ట్యాలీ బ్యాకప్ ఏ పెన్‌డ్రైవ్‌లోనైనా ఉందేమో ఆ అమ్మాయిని అడగండి. ఈ టెన్షన్‌లో పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తితే పని తెమలదు, గొడవ మాత్రం ముదురుతుంది.

ఇక మీ హక్కు. పాస్‌వర్డ్ తెలిసినంత మాత్రాన అతను ఆ కంప్యూటర్‌కి యజమాని అయిపోడు. సమాచార సాంకేతిక చట్టం, 2000లో సెక్షన్ 43 మొదలయ్యేదే ‘యజమాని లేదా దాని బాధ్యత చూసే వ్యక్తి అనుమతి లేకుండా’ అనే మాటతో. ఆ యజమాని మీరే. మీ మిషన్‌ని మీరు తెరిపించుకోవడం మీ బీరువా తాళంచెవి పోతే తాళాలు బాగుచేసేవాణ్ని పిలిపించుకోవడం లాంటిదే. టెక్నీషియన్‌కి కూడా భయం లేదు. కొన్న బిల్లు చూపించి, సంస్థ లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్ల అనుమతి రాసి ఇవ్వండి.

అతని సొంత ఫైళ్ల గురించి మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఆఫీసు మిషన్‌లో పెళ్లి ఫొటోలు, రెజ్యూమె దాచుకున్నంత మాత్రాన మిషన్ తెరవవద్దని అడ్డుపడే హక్కు అతనికి రాదు. వాటిని చదవకుండా కాపీ చేసి ఇచ్చేయండి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. కానీ బ్రౌజర్‌లో అతని జీమెయిల్ లాగిన్ అయ్యే ఉండవచ్చు. ఏం రాసుకున్నాడో చూద్దామని మనసు లాగుతుంది. చూడకండి. మిషన్ మీది, ఆ అకౌంట్ అతనిది. ఇంకొకరి పాస్‌వర్డ్‌ని దురుద్దేశంతో వాడితే అదే చట్టం సెక్షన్ 66సి కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఇప్పుడు అతని బెదిరింపులో పస లేదు, మీరు ఆ మెయిల్ తెరిస్తే పస వస్తుంది.

అతను చేసింది నేరమా అంటే, ఈ కేసు అంతా ఒక చిన్న విషయం మీద నిలబడి ఉంది. లాక్ పెట్టమన్నది మీరే కాబట్టి పెట్టడం నేరం కాదు. సెక్షన్ 43(ఎఫ్) చెప్పేది వేరు: వాడే హక్కున్న మనిషికి కంప్యూటర్ అందకుండా చేయడం. అతను పాత పాస్‌వర్డ్ అలాగే ఉంచి నోరు మెదపకుండా కూర్చుని ఉంటే, ‘నేనేం చేశాను? చెప్పలేదంతే’ అని అతని లాయరు వాదించేవాడు. ఆ వాదనలో కొంత బలం ఉంది కూడా. కానీ ఆ అమ్మాయి రోజూ కొట్టే పాస్‌వర్డ్ అతను మానేసిన మర్నాటి నుంచే పనిచేయడం లేదంటున్నారు. అంటే వెళ్తూ వెళ్తూ మార్చాడన్నమాట. దానికి మీ అనుమతి లేదు. మీ కేసుకి బలం ఆ అమ్మాయి సాక్ష్యమే. ఏ రోజు వరకు తెరుచుకుంది, ఏ రోజు నుంచి తెరుచుకోలేదు అన్నది ఆమెతో ఇప్పుడే రాయించి పెట్టుకోండి.

సెక్షన్ 43 కింద వచ్చేది నష్టపరిహారం. అదే పనిని నిజాయితీ లేకుండా గానీ మోసపూరితంగా గానీ చేస్తే సెక్షన్ 66 కింద నేరం: 3 ఏళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ‘నా జీతం నేను అడిగాను, ఇందులో నిజాయితీ లేనిదేముంది?’ అని అతను అంటాడు. అయితే మన శిక్షాస్మృతి, అంటే ఇప్పటి భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఒక మనిషి ఆస్తిని అన్యాయంగా అతని చేతికి అందకుండా ఆపినా అది అన్యాయపు నష్టమే. ఆ లెక్కన మీకు కేసు ఉంది. బలవంతపు వసూలు, అంటే అదే సంహిత సెక్షన్ 308 కూడా పెట్టించాలని కొందరు ఎగదోస్తారు. అతను అడుగుతున్నది మీరు నిజంగా బాకీపడ్డ డబ్బు. దాన్ని బలవంతపు వసూలుగా నిలబెట్టడం కష్టం. ఫిర్యాదులో సెక్షన్లు ఎక్కువ రాస్తే కేసు బరువెక్కుతుందనుకోవడం పొరపాటు.

సెక్షన్ 66 కేసులో పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ నమోదు చేయవచ్చు. బెయిల్ మాత్రం హక్కుగా వస్తుంది. దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తక్కువ కాని అధికారి చేయాలి, కాబట్టి ఎస్సై పేరుతో నడిస్తే తర్వాత ఇబ్బంది. కోర్టు అనుమతితో రాజీ కూడా పడవచ్చు. పరిహారమే కావాలనుకుంటే, 5 కోట్ల వరకు క్లెయిములు వినే అధికారం రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శికి ఉంది. చట్టం ఆయన్ని అడ్జుడికేటింగ్ ఆఫీసర్ అంటుంది. మీ డెస్క్‌టాప్ కోసం అంత దూరం వెళ్లమని నేను చెప్పను.

మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. జీతం ఆపడం మీ తప్పు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగి మానేసినా, మీరు తీసేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చి ఇవ్వాలి. టెక్నీషియన్ ఖర్చు అందులోంచి కోసుకుంటానంటే కుదరదు. నష్టానికి కోత వేయాలన్నా ముందు అతని సంజాయిషీ అడగాలి. అతని దగ్గర మీ పాస్‌వర్డ్, మీ దగ్గర అతని జీతం. ఇద్దరూ చేస్తున్నది ఒకటే పని అని ఇన్‌స్పెక్టర్‌కే కాదు, జడ్జిగారికీ అనిపిస్తుంది. అందుకని ముందు జీతం బ్యాంకు ద్వారా వేసేయండి. అదే రోజు స్పీడ్ పోస్టులోనూ వాట్సాప్‌లోనూ నోటీసు పంపండి: జీతం చెల్లించాం, వారం రోజుల్లో పాస్‌వర్డ్ తెలపండి, లేకపోతే చట్టప్రకారం చర్య తీసుకుంటాం. ఆ తర్వాత కూడా చెప్పకపోతే ‘జీతం కోసమే’ అనే సాకు అతనికి ఉండదు. ఇలాంటి గొడవలు చాలావరకు ఆ నోటీసుతోనే తెగిపోతాయి.

వారం ఆగలేనంటారా, తెరిపించండి. కానీ ఈ వరుస తప్పకండి. బయోస్ పాస్‌వర్డ్ ఉండేది హార్డ్‌డిస్క్‌లో కాదు, మదర్‌బోర్డు మీది చిప్‌లో. పాత డెస్క్‌టాప్‌లలో సీపీయూ విప్పి నాణెం బ్యాటరీ తీసి కాసేపు ఆగినా, బోర్డు మీది జంపర్ (పిన్నుల్ని కలిపే చిన్న క్లిప్) మార్చినా చెరిగిపోతుంది. కొత్త ఆఫీసు మోడళ్లలో కొన్ని బ్యాటరీకి లొంగవు. జంపరో, బిల్లు చూసి కంపెనీ సర్వీసువాళ్లు చేసే సాయమో కావాలి. చెరిగిపోయాక అక్కడ పాస్‌వర్డ్ ఉండేదనడానికి ఏ గుర్తూ మిగలదు. కాబట్టి విప్పకముందే స్క్రీన్ మీద పాస్‌వర్డ్ అడగడం, పాతది కొడితే తిరస్కరించడం, మిషన్ సీరియల్ నంబరు, అన్నీ ఒకే వీడియోలో వచ్చేలా ఇద్దరు సాక్షుల ముందు తీయండి. వీడియో తీసిన ఫోన్‌నీ, అతని మెసేజ్ ఉన్న ఫోన్‌నీ మార్చకండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తే అవి అవసరం.

ఇంకో ప్రమాదం ఉంది, టెక్నీషియన్లు చాలామంది ముందుగా చెప్పరు. డిస్క్‌లోని డేటాని కీ లేనిదే చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే, బోర్డు సెట్టింగులు మారగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. కొత్త విండోస్ 11 మిషన్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ మనం అడక్కుండానే ఆన్ అయి ఉండే అవకాశం ఉంది. మిషన్‌ని మొదట సెటప్ చేసినప్పుడు ఆ అకౌంటెంట్ తన సొంత మైక్రోసాఫ్ట్ అకౌంట్ పెట్టి ఉంటే, కీ కూడా అతని అకౌంట్‌లోనే ఉంటుంది. అప్పుడు బ్యాటరీ పీకినా లాభం లేదు, మళ్లీ అతని దగ్గరికే వెళ్లాలి. అందుకే నోటీసులో పాస్‌వర్డ్‌తో పాటు రికవరీ కీ కూడా అడగండి.

ఒకవేళ బిట్‌లాకర్ లేదని తేలితే సంతోషించకండి. డిస్క్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే అంతా కనిపిస్తుందన్నమాట. దొంగకైనా కనిపిస్తుంది. క్లయింట్ల పాన్, ఆధార్, బ్యాంకు వివరాలు దాచే మీలాంటి ఆఫీసుకి బయోస్ పాస్‌వర్డ్ ఒక్కటే రక్షణ అంటే సరిపోదు. వ్యక్తిగత డేటాకి తగిన భద్రత కల్పించాలని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. ఆ భద్రతలో లోపాలకి జరిమానా గరిష్ఠం 250 కోట్లు. మీ ఆఫీసుకి అంత వేస్తారని కాదు, చట్టం దాన్ని ఎంత సీరియస్‌గా తీసుకుందో తెలియడానికి చెబుతున్నాను.

మిషన్ చేతికొచ్చాక బయోస్‌లో రెండు పాస్‌వర్డ్‌లు పెట్టించండి. సెట్టింగులు మార్చే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మీకు మాత్రమే తెలియాలి, ఆన్ చేసే పాస్‌వర్డ్ సిబ్బందికి ఇవ్వండి. బిట్‌లాకర్ సంస్థ పేరుతో తీసిన అకౌంట్‌తోనే పెట్టించండి. ఎవరు మానేసినా పాస్‌వర్డ్‌లు అప్పగించినట్టు కాగితం రాసిచ్చాకే లెక్క ముగుస్తుందని అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఒక లైను చేర్చండి. అప్పుడు కూడా జీతం మాత్రం రెండు పనిదినాల్లో ఇవ్వాల్సిందే, ఆ లైను చూపించి ఆపడానికి వీల్లేదు. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్, 48 అంకెల కీ కాగితం మీద రాసి, కవరులో పెట్టి సీలు వేసి, ఇంట్లో బీరువాలో పెట్టుకోండి. ఆఫీసు సొరుగులో వద్దు.