ఎకరాకి ఎనిమిది ఇళ్లు వస్తాయా?

ఫ్రిస్కో నుంచి ఒక పాఠకురాలు రాశారు. వాళ్ల ఆడపడుచు భర్త, ఇంకో ఏడుగురు కలిసి డాలస్‌కి గంటన్నర దూరంలో, సిటీ లిమిట్స్ బయట 12 ఎకరాలు కొని మొబైల్ హోమ్ పార్క్, అంటే ఫ్యాక్టరీలో కట్టి తెచ్చిన ఇళ్లు పెట్టుకోవడానికి స్థలాలు అద్దెకిచ్చే చోటు, వేస్తున్నారట. భూమి ఖరీదు 1.2 మిలియన్ డాలర్లు. ఎకరాకి ఎనిమిది చొప్పున 96 ఇళ్లకి చోటు, ఒక్కో చోటుకి నెలకి 500 డాలర్ల అద్దె అని లెక్క చూపించారు. ఈవిడ వాటా 75,000. చేతిలో అంత లేదు కాబట్టి ఇంటి మీద హెలాక్, అంటే ఇల్లు తాకట్టు పెట్టి తీసుకునే అప్పు, తీయమన్నారు. "కౌంటీలో జోనింగే లేదు, పర్మిషన్ల గొడవ ఉండదు అంటున్నారు అన్నయ్యగారు, నిజమేనా?" అని ఆవిడ ప్రశ్న.

సగమే నిజం అండి. టెక్సాస్‌లో కౌంటీలకి (మన జిల్లాల్లాంటివి) మామూలుగా జోనింగ్ అధికారం, అంటే ఏ భూమిలో ఏం కట్టొచ్చో నిర్ణయించే అధికారం, ఉండదు, అంతవరకు ఆయన కరెక్టే. కానీ అద్దె పార్కుల కోసమే టెక్సాస్ లోకల్ గవర్నమెంట్ కోడ్‌లో 232.007 అనే సెక్షన్ ఉంది. భూమిని రెండు లేదా అంతకంటే ఎక్కువ స్థలాలుగా విడగొట్టి, కొనుక్కునే ఆప్షన్ లేకుండా 60 నెలల కంటే తక్కువ గడువుకి లీజుకి ఇస్తే దాని కిందకి వచ్చేస్తారు. డ్రైనేజీ, మంచినీళ్లు, మురుగునీరు, ఫైరింజన్ తిరగగలిగే రోడ్లు, వీటికి కౌంటీ ప్రమాణాలు పెట్టొచ్చు. అలా పెట్టిన చోట ప్లాన్ ఆమోదం కాకుండా పని మొదలుపెట్టకూడదు, పని అయ్యాక సర్టిఫికెట్ చూపించకపోతే కరెంటు, నీళ్ల కనెక్షన్ ఇవ్వరు.

అయితే మీ డబ్బుకి అసలు ప్రమాదం ఇది కాదు, మురుగు. ఊరి బయట భూమికి సిటీ సీవర్ లైన్ అందుతుందా అని అడిగారా? మీరు పంపిన 14 పేజీల ప్రెజెంటేషన్‌లో స్విమ్మింగ్ పూల్ బొమ్మ ఉంది గానీ సీవర్ అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

సీవర్ లేకపోతే సెప్టిక్కే గతి. టెక్సాస్ పర్యావరణ శాఖ, అంటే టీసీఈక్యూ, నిబంధనల ప్రకారం పబ్లిక్ వాటర్ ఉన్నా సరే సెప్టిక్ మీద నడిచే అద్దె పార్కులో ఎకరాకి 3.5 ఇళ్లకి మించకూడదు. 12 ఎకరాలకి 42, చూపించిన 96లో సగం కూడా కాదు. దానికి తోడు మురుగునీరు రోజుకి 5,000 గ్యాలన్లు దాటితే అది మామూలు సెప్టిక్ కిందకి రాదు, టీసీఈక్యూ నుంచి వేరే పర్మిట్ తెచ్చుకోవాలి. ఇంటికి 200 గ్యాలన్లే వేసుకున్నా 25 ఇళ్ల దగ్గర ఆగిపోతారు. అంటే ఒక్కో చోటుకి పడే భూమి ధర 12,500 డాలర్లు కాస్తా 48,000 అవుతుంది, అద్దె మాత్రం అదే 500. సొంత ట్రీట్‌మెంట్ ప్లాంట్ పెట్టుకుంటాం అంటారేమో, పెట్టుకోవచ్చు, కానీ ఆ పర్మిట్ వచ్చేదాకా పార్కు నుంచి ఒక్క డాలర్ రాదు, మీ హెలాక్ వడ్డీ మాత్రం 8 శాతం అనుకుంటే నెలకి 500 చొప్పున పోతూనే ఉంటుంది.

మన వైపు ఎకరం అనగానే 4,840 గజాలు, రోడ్లకి ఇంత, పార్కుకి ఇంత తీసేసి మిగిలింది ప్లాట్లు అని నోటి లెక్క వేసేస్తాం కదా, ఆ అలవాటే ఇక్కడ ముంచేది. ఇక్కడ ఎన్ని ఇళ్లు వస్తాయో చాలాసార్లు గజాలు చెప్పవు, మురుగు పైపు చెబుతుంది.

ఫెమా, అంటే అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ, ఇచ్చే ఫ్లడ్ మ్యాప్ కూడా చూడండి, ఆన్‌లైన్‌లో ఉచితం. వరద జోన్‌లో పడితే ఇళ్లు ఎత్తు లేపి, నేలకి గట్టిగా బిగించాలి, ఆ ఖర్చు వేరే.

అన్నయ్యగారికి కాదని చెప్పడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు, రేపు పండక్కి ఎదురుపడాల్సిన మనిషి. కాబట్టి కాదనకండి, కాగితం అడగండి. సీవర్ ఉంటే ఎన్ని ఇళ్లకి ఇస్తారో ఆ సంస్థ ఇచ్చిన లెటర్, లేకపోతే లైసెన్స్ ఉన్న ఇంజనీర్ రాసిచ్చిన ఇళ్ల సంఖ్య. అదొచ్చేదాకా భూమి ఒప్పందంలో వెనక్కి తగ్గే గడువు ఉందో లేదో కూడా చూడమనండి. లెటర్‌లో 96 అనే ఉంటే మీ పొదుపులోంచి 15, 20 వేలు పెట్టండి, అవి అయిదారేళ్లు చేతికి రావనుకునే పెట్టండి. హెలాక్ మాత్రం అప్పుడు కూడా వద్దు.