ఎమర్జెన్సీ వార్డులో చేరబోతున్న నీకు

తల్లీ,

ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

వేళకు తిను, నీళ్లు తాగు, బాత్రూమ్‌కు వెళ్లకుండా ఆపుకోకు. చెప్పినా వినవని తెలుసు, అయినా చెబుతున్నా.

టెన్షన్ వస్తే గట్టిగా ఊపిరి పీల్చమంటారు అందరూ. మా వార్డులో ఒకావిడ అదే చేసింది. ఓ పసివాడు దక్కని రోజున మందుల గదిలోకి వెళ్లి గబగబా గుండెల నిండా పీల్చడం మొదలుపెట్టింది. కాసేపటికి పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోయాయి, కళ్లు తిరిగాయి. గుండెపోటే అనుకుంది. మేమూ హడలిపోయాం. ఈసీజీ చూస్తే బాగానే ఉంది. అతిగా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయింది, అంతే. రోగులకు రోజూ "నెమ్మదిగా వదలండి" అని చెప్పే మనిషే, తన దాకా వచ్చేసరికి మర్చిపోయింది పాపం.

ఊపిరి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నరం దాన్ని నెమ్మదింపజేస్తుంది. కాబట్టి ముక్కుతో మామూలుగా పీల్చు, అంతకంటే ఎక్కువసేపు వదులు. నిమిషానికి 6 సార్లయితే చాలు. కళ్లు తెరిచే ఉంచు. మూసుకుంటే అప్పటిదాకా చూసిందే మళ్లీ కళ్లముందుకొస్తుంది కొందరికి.

వీటికి టైమెక్కడిది అంటావు. సబ్బుతో చేతులు కడగడానికి ఎలాగూ 40 సెకన్లు పెట్టాలిగా? అప్పుడే మడమలు నేలకు ఆనించు, చెవుల దాకా ఎక్కిన భుజాలు దించు, పళ్లు బిగపట్టావేమో చూసుకో. ఇంటికొచ్చాక ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే వైద్యుడు 1920లలో నేర్పిన పద్ధతి ఉంది: పిడికిలి బిగించి వదిలెయ్, తర్వాత భుజాలు, తర్వాత కాళ్లు. సగంలో నిద్రపట్టేస్తే మరీ మంచిది.

మనుషులు చాలని వార్డులో పనిచేయిస్తూ ఊపిరి కసరత్తులు చేసుకోమంటే మాత్రం నాకు ఒళ్లు మంట. బర్నౌట్, అంటే ఒంట్లో, మనసులో ఓపికంతా అయిపోవడం, తగ్గకుండా సాగే పని ఒత్తిడి వల్ల వచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థే రాసింది. షిఫ్టు మీద షిఫ్టు వేస్తే కుదరదని చెప్పు. మొహమాటపడకు.

నైట్ డ్యూటీ దిగి బండి ముట్టుకున్నావో, ఊరుకోను. ఆటో ఎక్కు, డబ్బులు నేనిస్తా. డ్యూటీ చార్టు రాగానే ఫోటో తీసి పంపు.

మీ పెద్దమ్మ