బావి ఈత వచ్చినవాళ్లు స్కూబా నేర్చుకునే ముందు

అమెరికాకు కొత్తగా వచ్చిన మన నల్గొండ, పాలమూరు పిల్లలు స్కూబా డైవింగ్, అంటే వీపున సిలిండర్ కట్టుకుని దాని గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదడం, ఎక్కడ చౌకగా నేర్పుతారని అడుగుతున్నారు. ధర తర్వాత చూద్దాం. ముందు మీ ఆరోగ్యం గురించి డైవింగ్ నేర్పే ఏ దుకాణం గట్టిగా అడుగుతుందో చూడండి. ఆస్తమా, గుండె, చెవుల సమస్యల మీద ప్రశ్నపత్రం ఇచ్చి, అవసరమైతే డాక్టరు సంతకం తెమ్మనేవాళ్లు మంచివాళ్లు. అన్నిటికీ ‘లేదు’ అని రాసేయమనే చోట ఒక్క నిమిషం కూడా ఉండకండి.

వ్యవసాయ బావుల్లో ఈత నేర్చినవాళ్లకు నీళ్ల భయం ఉండదు. పాడీ అనే డైవింగ్ శిక్షణ సంస్థ మొదటి కోర్సు ‘ఓపెన్ వాటర్’లో అడిగే 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు తేలడం వాళ్లకు కష్టం కాదు. కానీ ఊపిరి బిగబట్టి బావి అడుగు నుంచి మట్టి తెచ్చిన అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. బావిలో గట్టున పీల్చిన గాలితోనే మునిగి, దానితోనే తేలుతాం. స్కూబాలో అలా కాదు. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు. అక్కడ సిలిండర్ గాలి నిండా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలుగా వ్యాకోచిస్తుంది. ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. అందుకే బావి ఈత వచ్చని శిక్షకుడికి ముందే చెప్పండి. ఆ మాట విని మీ శ్వాసను ప్రత్యేకంగా గమనించేవాడే మీకు తగిన గురువు.

డబ్బు కట్టేముందు ఈతకొలనులో ఒక తరగతి చూడనివ్వమని అడగండి. చెరువులోనో సముద్రంలోనో సహాయకులు లేకపోతే ఒక్కో శిక్షకుడికి 8 మందిని మించకూడదని పాడీ నియమం. మసక నీళ్లయితే నలుగురే ఎక్కువని నా అభిప్రాయం. పాడీ, అలాంటివే అయిన ఎస్ఎస్ఐ, నౌయీ సంస్థలలో ఎవరిచ్చే అర్హత కార్డు అన్నది పెద్ద విషయం కాదు. పుస్తకం, పరికరాల అద్దె, ప్రవేశ రుసుము చెప్పిన ధరలోనే ఉన్నాయో లేదో రాయించుకోండి.

మొదటి రోజే రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది), డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం లెక్కగట్టేది) అంటగట్టాలని చూస్తే బయటికి వచ్చేయండి. మొదట కొనవలసింది మాస్కు ఒక్కటే. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో పీల్చండి. చేయి తీసినా జారకపోతే అది మీకు సరిపోయినట్టే. మీసం దట్టంగా ఉంటే నీళ్లు కారతాయి, అది కూడా అడగండి. కళ్లద్దాలవాళ్లకు పవర్ ఉన్న మాస్కులు దొరుకుతాయి. మిగతావి అద్దెకు చాలు. అయితే సిలిండర్ మీద తనిఖీ గుర్తులు చూపించమనండి. ఇక్కడ ఏటా లోపలి పరిశీలన, 5 ఏళ్లకొకసారి ఒత్తిడి పరీక్ష జరగాలి.

సోమవారం ఆఫీసు ఉందని ఆదివారం రాత్రి విమానానికి టికెట్ తీసుకోకండి. లోతులో ఒంట్లో చేరిన నైట్రోజన్ విమానం ఎత్తులో బుడగలు కట్టవచ్చు కాబట్టి, ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. తేదీలు ఖాయం చేసేటప్పుడు మీ తిరుగు ప్రయాణం ఎప్పుడని దుకాణమే అడగాలి.