చూపు తగ్గినా ఫోకస్ తప్పకుండా

ప్రశ్న: మ్యాక్యులా (రెటీనాలో సూటి చూపునిచ్చే మధ్యభాగం) దెబ్బతిని రెండు కళ్లలోనూ మధ్యభాగం మసకగా కనిపిస్తోంది. ఉప్పలపాడు చెరువు దగ్గర గూడబాతులను ఫొటో తీస్తుంటే ఫోకస్ కుదిరిందో లేదో తెలియడం లేదు. కెమెరా మెనూ అసలే చదవలేకపోతున్నాను. ఫోన్‌లో అక్షరాలను పెద్దవిగా చూపించే యాప్ అంటూ తెలిసినవారొకరు వాట్సాప్‌లో లింకు పంపారు. వేసుకోవచ్చా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: ఆ లింకును తెరవకండి. అది ఎందుకో చెప్పేముందు కెమెరా సంగతి చూద్దాం.

కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ పక్కనుండే డయాప్టర్ చక్రం కళ్లద్దాలతో సరిపోయే లోపాన్ని సర్దుతుందే తప్ప మ్యాక్యులా సమస్యను తీర్చలేదు. కాబట్టి ఫోకస్ బాధ్యతను కెమెరాకే అప్పగించాలి. ఇటీవలి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లో చాలావాటికి పక్షి కన్నును గుర్తించి వెంటాడే ఆటోఫోకస్ ఉంది. ఉప్పలపాడులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పెద్దవి కావడం, చెరువులోని చెట్ల మీద గుంపులుగా కూర్చోవడం వల్ల ఆ సౌకర్యం అక్కడ బాగా ఉపయోగపడుతుంది. జూమ్‌ను మొదట 100–200 మి.మీ. దగ్గర ఉంచి, పక్షి ఫ్రేములోకి వచ్చాకే పెంచండి. కూర్చున్న పక్షికి ఒక సెట్టింగు, ఎగిరే పక్షికి షట్టర్ 1/2000 సెకనుతో మరొకటి ఇంట్లో ఎవరి సాయంతోనైనా డయల్‌లోని సొంత మోడ్‌లలో భద్రపరచుకుంటే చెరువు గట్టున మెనూ తెరిచే పని ఉండదు.

షట్టర్ బటన్ సగం నొక్కినప్పుడు ఫోకస్ కుదిరిందని చెప్పే బీప్ శబ్దం మీకు నిజంగా అవసరమైనది. అయితే కదిలే పక్షుల కోసం వాడే కంటిన్యువస్ ఫోకస్‌లో చాలా కెమెరాలు ఆ శబ్దం చేయవు. కూర్చున్న పక్షికి సింగిల్ ఫోకస్ పెట్టుకుంటే వినవచ్చు. ఎగిరే పక్షికి మాత్రం కెమెరా తయారీదారులు చెవికి ఏ ఆధారమూ ఇవ్వరు. లక్షల రూపాయల కెమెరాలో నల్లని తెర మీద బూడిదరంగు చిన్న అక్షరాలు పెట్టి, వాటిని పెద్దవి చేసుకునే వీలు కూడా చాలా మోడళ్లలో ఇవ్వకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. చవక ఫోన్లో సైతం ఏళ్లుగా ఉన్న సదుపాయమిది. పైగా కొన్ని అప్‌డేట్ల తర్వాత సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. అందుకే అప్‌డేట్ చేసేముందు కెమెరాకు ఆ వీలుంటే, సెట్టింగులను మెమరీ కార్డులోకి భద్రపరచండి.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న విషయం ఆ యాప్. తెరను పెద్దది చేస్తామనే పేరుతో ఇటువంటి యాప్‌లు ‘యాక్సెసిబిలిటీ’ అనుమతి అడుగుతాయి. చూపు తక్కువగా ఉన్నవారికి సాయం చేయడానికే ఏర్పడిన ఆ అనుమతి చేతికి చిక్కిన దొంగ యాప్, తెర మీద కనిపించే ప్రతి అక్షరాన్నీ చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు, బ్యాంకు యాప్ తెరిచినప్పుడు మీరు టైపు చేసేదాన్నీ గమనించగలదు. అనుమతి కోరే సందేశం చదవడమే కష్టమైన వ్యక్తి చేత ‘సరే’ నొక్కించడం మోసగాడికి సులువు. ఇంట్లో పెద్దవారి ఫోన్లో ‘ఏదో ఉపయోగపడుతుందిలే’ అని లింకులు పంపే బంధుమిత్రులు దీన్ని ఆలోచించడం లేదు, నా కోపం వారి మీద కూడా.

మీకు బయటి యాప్ అవసరమే లేదు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి, యాక్సెసిబిలిటీలో మ్యాగ్నిఫికేషన్ ఎంచుకోండి. ఐఫోన్‌లో అక్కడే ‘జూమ్’ ఉంటుంది. కెమెరా నుంచి ఫోన్‌కు ఫొటో పంపుకుని పక్షి కన్ను స్పష్టంగా వచ్చిందో లేదో అందులో పెద్దదిగా చూసుకోవచ్చు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థలో తక్కువ చూపు ఉన్నవారికి పునరావాస సేవలున్నాయి. సరళరేఖలు ఉన్నట్టుండి వంకరగా కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా రెటీనా వైద్యుణ్ణి కలవండి.

ఒకవేళ ఆ యాప్‌ను ఇప్పటికే వేసుకుని ఉంటే ముందుగా ఫోన్ డేటా, వైఫై ఆపేసి, యాక్సెసిబిలిటీ జాబితాలో దాని అనుమతి తీసేసి, తర్వాత యాప్‌ను తొలగించండి. బ్యాంకు పాస్‌వర్డులను వేరే ఫోన్‌ నుంచి మార్చండి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆ క్షణమే బ్యాంకుకూ, సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకూ ఫోన్ చేయండి.